వాడిన ఆర్.వి. కొనుగోలు

ఆర్.వి. అనగా పడక, వంటగది, స్నానాలగది, మరుగుదొడ్డి వంటి సౌకర్యాలతో, ప్రయాణంలోనే నివసించడానికి వీలుగా తయారు చేసిన వాహనం. రిక్రియేషనల్ వెహికిల్ అనే ఆంగ్ల పదబంధానికి ఇది పొడి అక్షరాల రూపం. ఈ పేరు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, కెనడాలోను వాడుకలో ఉంది. బ్రిటనులో వీటినే కారవాన్ అనీ, మోటార్‌హోమ్ అనీ అంటారు. సినిమా చిత్రీకరణ జరిగే చోట నటీనటులు విశ్రాంతి తీసుకొనే కారవాన్ రూపంలో తెలుగువారికి ఇటువంటి వాహనం కొంత పరిచయమే. అయితే అమెరికాలో ఇది సామాన్య కుటుంబాలు స్వంతంగా కొనుక్కొనే వస్తువు. సెలవుల్లో విహారానికి వాడేవారితో పాటు, పదవీ విరమణ తరువాత ఇల్లు అమ్మివేసి ఏడాది పొడవునా ఇందులోనే నివసించేవారు కూడా ఉన్నారు. అటువంటివారికి ఆర్.వి. కొనడమంటే వాహనం కొనడం, ఇల్లు కొనడం రెండూ ఒకేసారి చేయడం. అందులో పొరపాటు జరిగితే పోయేది జీవితకాలపు పొదుపు.

కొత్త ఆర్.వి. విలువ మొదటి కొద్ది సంవత్సరాలలోనే బాగా పడిపోతుంది కాబట్టి, వాడినది కొనడం లాభమని చాలామంది భావిస్తారు. ఇది చాలావరకు నిజమే. కాని కారును పరిశీలించినట్లు ఆర్.వి.ని పరిశీలిస్తే చాలదు. కారుకు లేని ప్రధాన శత్రువు ఒకటి దీనికి ఉంది. అది నీరు. ఈ వ్యాసం అమెరికాలో వాడిన ఆర్.వి.ని కొనేటప్పుడు జరిపే పరిశీలనను, దాని ఆధారంగా సాగే బేరాన్ని వివరిస్తుంది.

రకాలు

ఆర్.వి.లు ముఖ్యంగా రెండు తెగలు. స్వంత ఇంజను కలిగి తనంతట తాను నడిచేది మోటార్‌హోమ్. వేరొక వాహనం వెనుక కట్టి లాక్కుపోయేది ట్రెయిలర్. మోటార్‌హోమ్‌లలో బస్సు ఆకారంలో ఉండే అతిపెద్ద వాటిని క్లాస్ ఎ అనీ, వ్యానునే ఇల్లుగా మార్చిన వాటిని క్లాస్ బి అనీ, ట్రక్కు ముందుభాగాన్ని అలాగే ఉంచి డ్రైవరు తలమీదుగా పడక వచ్చేలా కట్టిన వాటిని క్లాస్ సి అనీ అంటారు. పరిమాణంలో బి కన్నా సి పెద్దదని గమనించాలి. అక్షర క్రమాన్ని బట్టి అంచనా వేసేవారు ఇక్కడ తికమక పడతారు. లాగే బండ్లలో సాధారణ ట్రావెల్ ట్రెయిలర్, పికప్ ట్రక్కు తొట్టిలో కొక్కెం బిగించి లాగే ఫిఫ్త్ వీల్, మడిచి పెట్టుకోగల గుడారపు బండి ముఖ్యమైనవి.

అమెరికాలో తయారయ్యే ఆర్.వి.లలో అధికభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌కార్ట్ పట్టణ పరిసరాలనుండి వస్తాయి. ఒహాయోలోని ఎయిర్‌స్ట్రీమ్, అయోవాలో పుట్టిన విన్నెబాగో కూడా పేరున్న సంస్థలు. అయితే వాడిన బండి విషయంలో సంస్థ పేరు కన్నా గోడలు, కప్పు ఏ పద్ధతిలో కట్టారన్నదే ముఖ్యం. కొయ్య చట్రం మీద అల్యూమినియం రేకు బిగించినవి చవక, మరమ్మతుకు సులభం. ఫైబర్‌గ్లాసు పలకను, పలుచని ప్లైవుడ్డును, నురుగు దిమ్మను జిగురుతో అతికించి చేసిన గోడలు చూడటానికి నునుపుగా, అందంగా ఉంటాయి కాని నీరు చొరబడితే పొరలు విడిపోతాయి. స్కాంప్, కసీటా వంటి చిన్న ట్రెయిలర్లను మొత్తం ఫైబర్‌గ్లాసుతో రెండు చిప్పలుగా పోతపోసి కలుపుతారు. వీటిలో అతుకులు తక్కువ కనుక నీటి బెడద కూడా తక్కువ. పాతబడినా ధర అంతగా తగ్గకపోవడానికి ఇది ఒక కారణం.

చట్టపరమైన రక్షణ

పరిశీలనకు ఇంత ప్రాముఖ్యం ఎందుకో తెలియాలంటే చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో ముందు తెలుసుకోవాలి. సమాధానం నిరుత్సాహకరమైనదే. లోపభూయిష్టమైన వాహనాన్ని అంటగట్టిన తయారీదారు దానిని వెనక్కు తీసుకోవాలని చెప్పే రాష్ట్ర చట్టాలను లెమన్ చట్టాలు అంటారు. ఇవి ఎక్కువగా కొత్త వాహనాలకు ఉద్దేశించినవి. పైగా చాలా రాష్ట్రాలలో మోటార్‌హోమ్ యొక్క ఇంజను, చట్రం భాగాలకే ఇవి వర్తిస్తాయి, నివాస భాగానికి వర్తించవు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం రాతపూర్వకంగా ఇచ్చిన వారంటీలను నియంత్రిస్తుందే తప్ప, వారంటీ ఇచ్చి తీరాలని అమ్మకందారును నిర్బంధించదు.

ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి నియమం ప్రకారం వాడిన కార్లను అమ్మే డీలరు, వారంటీ ఉన్నదో లేదో తెలిపే కాగితాన్ని ప్రతి కారు అద్దానికీ అంటించాలి. అయితే ఆ నియమం నిర్దేశించిన స్థూల బరువు 8,500 పౌండ్ల లోపు ఉండి, ఖాళీ బరువు 6,000 పౌండ్ల లోపు, ఎదురు వైశాల్యం 46 చదరపు అడుగుల లోపు ఉన్న మోటారు వాహనాలకు మాత్రమే. అందువల్ల చాలా మోటార్‌హోమ్‌లు ఆ పరిధిలోకి రావు. ఇంజను లేని ట్రెయిలరు అసలే రాదు. కొన్న మూడు రోజులలోపు తిరిగి ఇచ్చివేయవచ్చుననే నమ్మకం కూడా బాగా ప్రచారంలో ఉంది. ఇంటికి వచ్చి అమ్మేవారికి సంబంధించిన నియమమొకటి ఈ అపోహకు మూలం. డీలరు ప్రాంగణంలో జరిగిన వాహన కొనుగోలుకు అది వర్తించదు.

వాడిన ఆర్.వి.ని సాధారణంగా "ఉన్నది ఉన్నట్లుగా" అనే షరతు మీద అమ్ముతారు. సంతకం అయిన తరువాత బయటపడే లోపాల భారమంతా దాదాపుగా కొనుగోలుదారుదే. కాబట్టి సంతకానికి ముందు గడిపే కొన్ని గంటలే అతనికి దొరికే అసలైన రక్షణ.

నీటి నష్టం

పెంకుటిల్లు కురిస్తే ఇంట్లోవారికి వెంటనే తెలుస్తుంది. ఆర్.వి. కప్పు కురిస్తే ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. నీరు లోపలికి కారకుండా గోడ పొరల మధ్యనే దిగి, కొయ్య చట్రాన్ని, నేల కింది ప్లైవుడ్డును నెమ్మదిగా కుళ్ళబెడుతుంది. యజమానికి కూడా తెలియకుండా ఇది జరిగే అవకాశం ఉంది కనుక "ఎప్పుడూ కురవలేదు" అన్న అతని మాట నిజాయితీతో చెప్పినదే అయినా దానిని ప్రమాణంగా తీసుకోరాదు.

కప్పును సాధారణంగా ఇ.పి.డి.ఎమ్. అనే రబ్బరు పొరతో గాని, టి.పి.ఓ. అనే ప్లాస్టిక్ పొరతో గాని, ఫైబర్‌గ్లాసుతో గాని కప్పుతారు. గాలి కంతలు, ఎ.సి. యంత్రం, గొట్టాలు, అంచు పట్టీలు ఉన్న ప్రతిచోటా సీలెంటు పూస్తారు. ఈ సీలెంటు ఎండకు ఎండి, వానకు తడిసి పగుళ్ళు బారుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లయినా చూసి, అవసరమైన చోట మళ్ళీ పూయడం యజమాని విధి. అందుచేత పరిశీలన కప్పు మీదనుండి ప్రారంభించాలి. నిచ్చెన వేసి ఎక్కి, మనిషి బరువును ఆపగల కప్పే అయితే మోకాళ్ళ మీద పాకుతూ చూడాలి. చేతికింద మెత్తగా దిగబడిన చోటల్లా కింద ప్లైవుడ్డు పాడైనట్లే. అంతటా పాతగా ఉండి ఒక్కచోట మాత్రం కొత్త సీలెంటు దట్టంగా పూసి ఉంటే అక్కడ ఏమి జరిగిందో అడగాలి.

తరువాత బయటి గోడలు. సాయంత్రపు ఏటవాలు వెలుతురులో గాని, టార్చిలైటును గోడ వెంబడి పట్టి గాని చూస్తే ఫైబర్‌గ్లాసు గోడమీద ఉబ్బులు స్పష్టంగా కనపడతాయి. పొరలు విడిపోయినందుకు ఇది గుర్తు. లోపల చూడవలసినవి మూలలు, కిటికీల కింది భాగాలు, అలమరల లోపలి పైకప్పు, పడక కింద, తలమీది పడక ఉన్న క్లాస్ సి బండి అయితే ఆ పడక చుట్టూ. క్లాస్ సి బండ్లలో కురవడం ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. మరకలు, గోడకాగితం ముడతలు, తుప్పు పట్టిన మేకులు, ముక్క వాసన, ఇవన్నీ సాక్ష్యాలే. నేలమీద చెప్పులు విడిచి నడిస్తే మెత్తబడిన చోటు పాదానికి తెలుస్తుంది. స్నానాలగది, బయటి తలుపు ముందు, పక్కకు జరిగే గది అంచులు ముఖ్యంగా తొక్కి చూడాలి.

చెమ్మ కొలిచే చిన్న పరికరం ఒకటి వెంట ఉండటం మంచిది. 20 శాతం దాటిన తేమ ఉన్న కొయ్య కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. ఎండాకాలంలో పాత నష్టం కూడా ఎండిపోయి ఉంటుంది కనుక పరికరం చూపే అంకె ఒక్కటే చాలదు. వేలితో నొక్కి చూడటం, తట్టి శబ్దం వినడం కూడా అవసరం. పరిశీలకులలో కొందరు బండి లోపలికి గాలి ఊదే యంత్రంతో కొద్దిపాటి ఒత్తిడి కల్పించి, బయట సబ్బునీరు చల్లుతారు. బుడగలు వచ్చిన చోట నీటికి దారి ఉన్నట్లు.

అమ్మకానికి ముందు లోపల కొత్త రంగు వేసి, కొత్త నేలపలకలు పరిచిన బండ్లు ఇటీవల తరచుగా కనిపిస్తున్నాయి. ఫొటోలలో ఇవి ముచ్చటగా ఉంటాయి. కొందరు నిజంగానే బాగుచేస్తారు, కొందరు మసిపూసి మారేడుకాయ చేస్తారు. కొత్త నేల పరిచే ముందు పాతనేల ఎలా ఉండేదో తీసిన ఫొటోలు ఉన్నాయేమో అడగాలి. బాగుచేసినవారి వద్ద అవి సాధారణంగా ఉంటాయి.

ఫార్మాల్డిహైడ్ ఉదంతం

లోపం కంటికే కనిపించాలని లేదు. 2005లో కత్రినా తుఫాను తరువాత ఇళ్ళు కోల్పోయినవారికి ఫెడరల్ విపత్తు సంస్థ ఫీమా లక్షకు పైగా ట్రెయిలర్లను, కదిలించగల ఇళ్ళను సమకూర్చింది. వాటిలో నివసించినవారు తలనొప్పి, శ్వాసకోశ బాధలతో ఫిర్యాదులు చేశారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 519 ఇళ్ళలో గాలిని పరీక్షించి, మామూలు ఇళ్ళలో కన్నా ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా ఉన్నదని 2008 ఫిబ్రవరిలో ప్రకటించింది. ప్లైవుడ్డు, రంపపుపొట్టు పలకలలోని జిగురునుండి ఈ వాయువు వెలువడుతుంది. తరువాత ప్రభుత్వం ఆ బండ్లను నివాసానికి వాడరాదనే హెచ్చరిక చీటీతో వేలం వేసింది. చీటీలు మాయమై, అవే బండ్లు నివాసానికి అమ్ముడుపోయిన సంగతి 2010లో గల్ఫ్ తీరంలో చమురు శుద్ధి పనివారి వసతుల విషయంలో బయటపడింది. కొయ్య పలకల నుండి వెలువడే ఫార్మాల్డిహైడ్‌కు పరిమితి విధిస్తూ అదే సంవత్సరం చట్టం వచ్చింది. ఈ వాయువు కాలక్రమేణా తగ్గుతుంది కాబట్టి ఆనాటి బండ్ల వలన నేడు ప్రమాదం తక్కువే కావచ్చు. కాని చేతులు మారేకొద్దీ వాహన చరిత్ర ఎలా చెరిగిపోతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

చక్రాలు, చట్రం, ఇంజను

ఆర్.వి. టైర్లు అరిగి పాడవడం కన్నా వయసు మీరి పాడవడమే ఎక్కువ. ఏడాదిలో అధికభాగం ఒకేచోట నిలిచి ఉండటం వలన రబ్బరు ఎండి పగులుతుంది. గాడులు లోతుగా ఉన్నాయని మోసపోరాదు. ప్రతి టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతం ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. అయిదారు ఏళ్ళు దాటిన ట్రెయిలరు టైర్లను మార్చవలసినవిగానే లెక్కించడం మంచిది. ప్రయాణ వేగంలో టైరు పేలితే అది చక్రపు గూటిని, దానితోపాటు నేలను, గొట్టాలను చీల్చివేయగలదు.

బండి కిందకు దూరి చట్రానికి పగుళ్ళు, కొత్త అతుకులు ఉన్నాయేమో, కమాను పట్టీలు వంగాయేమో చూడాలి. సముద్రతీరంలోను, చలికాలంలో రోడ్లమీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాలలోను తిరిగిన బండ్లకు తుప్పు ఎక్కువ.

మోటార్‌హోమ్ అయితే ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి నడిపించి చూడాలి. వెళ్ళేసరికే ఇంజను వేడిగా ఉంటే తిరిగి ఇంకొకరోజు రావడం నయం. తక్కువ మైళ్ళు తిరిగింది అన్నది కార్ల విషయంలో మెచ్చుకోలు; ఆర్.వి. విషయంలో అది ప్రశ్న. పన్నెండేళ్ళలో చాలా తక్కువ దూరం తిరిగిన బండి ఎక్కువకాలం కదలక పడి ఉన్నదని అర్థం. పైగా 16,000 పౌండ్ల స్థూల బరువు మించిన వాహనాలకు తిరిగిన మైళ్ళను రాతపూర్వకంగా ప్రకటించాలనే ఫెడరల్ నియమం నుండి మినహాయింపు ఉంది. పెద్ద క్లాస్ ఎ బండ్లు ఇందులోకి వస్తాయి. కాబట్టి అంకె కన్నా నిర్వహణ రసీదులు విలువైనవి. పెద్ద డీజిల్ బండ్లలో ఇంజను నూనె నమూనాను ప్రయోగశాలకు పంపి, అందులోని లోహపు అరుగుదలను బట్టి ఇంజను స్థితి తెలుసుకోవడం కద్దు.

నివాస భాగంలోని వ్యవస్థలు

ప్రతి పరికరాన్నీ నడిపించి చూడాలి. "పోయినసారి వాడినప్పుడు పనిచేసింది" అన్న మాటకు బేరంలో విలువ లేదు. నీరు, కరెంటు, గ్యాసు మూడూ అందుబాటులో ఉంచమని అమ్మకందారును ముందుగానే కోరాలి.

ఎక్కువ ఖర్చుతో కూడినది ఫ్రిజ్. చాలా ఆర్.వి.లలో కంప్రెసరు లేకుండా వేడితోనే పనిచేసే శోషణ రకపు ఫ్రిజ్ ఉంటుంది. ఇందులో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ వాయువు ఉంటాయి. ఇది చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది కనుక ముందురోజే వేసి ఉంచమని చెప్పాలి. వెనుకవైపు పసుపుపచ్చని పొడి గాని, అమ్మోనియా ఘాటు గాని ఉంటే గొట్టాలు కారినట్లే, మరమ్మతు కన్నా మార్చడమే గతి. అగ్నిప్రమాదాల కారణంగా 2006లో డొమెటిక్ సంస్థ, 2010లో నార్‌కోల్డ్ సంస్థ తమ ఫ్రిజ్‌లలో కొన్ని నమూనాలను మరమ్మతుకు వెనక్కు పిలిచాయి. వీటి సంగతి ఫ్రిజ్ వరుససంఖ్యను బట్టి విచారించవచ్చు.

వంటకు, నీరు కాచడానికి, గది వెచ్చబరచడానికి ప్రొపేన్ గ్యాసు వాడతారు. గొట్టాల వ్యవస్థకు ఒత్తిడి పరీక్ష చేయించడం తప్పనిసరి. గ్యాసు పసిగట్టే అలారానికి కూడా గడువు తేదీ ఉంటుంది. అది దాటిపోయిన బండ్లు కోకొల్లలు. అది చవకైన వస్తువు, బేరానికి పనికిరాదు కాని యజమాని శ్రద్ధ ఎంతటిదో అది చెబుతుంది.

విద్యుత్తు రెండు విధాలు. దీపాలు, నీటి పంపు వంటివి బ్యాటరీమీద 12 వోల్టులతో, ఎ.సి., మైక్రోవేవ్ వంటివి బయటి కరెంటుతో 120 వోల్టులతో నడుస్తాయి. 30 ఆంపియర్ల బండి గరిష్ఠంగా 3,600 వాట్లు, రెండు తీగల మీద వచ్చే 50 ఆంపియర్ల బండి 12,000 వాట్లు తీసుకోగలవు. వీటి మధ్య తేడా ఒకటిన్నర రెట్లు కాదు, మూడు రెట్లకు పైన. ఎండ ప్రాంతాలలో రెండు ఎ.సి.లు ఒకేసారి నడపాలనుకొనేవారు ఇది చూసుకోవాలి. జనరేటరు ఉంటే దానిని ఎ.సి. భారం వేసి కనీసం అరగంట నడిపించాలి.

నీటి గొట్టాలు చలికాలంలో గడ్డకట్టి పగిలే అవకాశం ఉంది. శీతల రాష్ట్రాలలో చలికాలానికి ముందు నీరంతా తీసి, విషరహితమైన గులాబీరంగు ద్రవాన్ని గొట్టాలలో నింపుతారు. అలా నింపి ఉన్న బండిని జనవరిలో కొంటే నీటి వ్యవస్థను పరీక్షించడం సాధ్యం కాదు; వసంతకాలంలో పరీక్షించేవరకు కొంత సొమ్ము నిలిపి ఉంచే ఒప్పందం చేసుకోవడం ఒక మార్గం. మరుగు తొట్టి కవాటం మాత్రం ఎప్పుడైనా తీసి చూడవచ్చు, చేతికి తొడుగులు వేసుకొని.

బరువు లెక్క

ట్రెయిలరు విషయంలో లాగే వాహనం లెక్క వేయకుండా కొనేవారు చాలామంది. బండి నిర్దేశిత స్థూల బరువునుండి ఖాళీ బరువు తీసివేస్తే మిగిలేది సామాను, నీరు మోయగల శక్తి. ఒక గాలను నీరు 8.3 పౌండ్లు కాబట్టి 50 గాలన్ల తొట్టి నింపితే 415 పౌండ్లు దానికే పోతాయి. ట్రెయిలరు మొత్తం బరువులో 10 నుండి 15 శాతం కొక్కెం మీద పడాలి. అంతకన్నా తగ్గితే బండి వెనుక ఊగిసలాడి అదుపు తప్పుతుంది. ఈ కొక్కెం బరువు, లోపల కూర్చున్న మనుషుల బరువు కలిపి, లాగే వాహనం డ్రైవరు తలుపు చట్రంమీది చీటీలో రాసిన భారాన్ని మించరాదు. అమ్మకందారు చెప్పే లాగుడు శక్తి కన్నా ఈ చీటీ నమ్మదగినది.

పరిశీలకుని నియామకం

పైన చెప్పినవన్నీ స్వయంగా చూసినా, ధర పెద్దదైనప్పుడు వృత్తిపరమైన పరిశీలకుని నియమించడం వాడుక. ఎన్.ఆర్.వి.ఐ.ఎ. అనే జాతీయ పరిశీలకుల సంఘం శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలు జారీ చేస్తుంది. పరిశీలకుని అమ్మకందారు సూచించకూడదు, కొనుగోలుదారే వెతుక్కోవాలి. డీలరు "మా మెకానిక్కులు అంతా చూశారు" అని చెప్పడం దీనికి బదులు కాదు. బయటి పరిశీలకుని ప్రాంగణంలోకి రానివ్వని డీలరు వద్ద కొనకపోవడమే మేలని ఈ రంగంలో అనుభవజ్ఞులు చెబుతారు.

బేరం

అమెరికాలో దుకాణాలలో బేరం అరుదైనా, వాడిన వాహనాల విషయంలో అది సహజం. కూరగాయల బేరానికి అలవాటు పడిన మనవారికి ఇది తేలికనిపించవచ్చు. కాని సగానికి అడిగి మధ్యలో తేల్చుకొనే పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఆధారం లేని అంకె చెప్పినవారితో అమ్మకందారు మాట్లాడటం మానేస్తాడు. ఒకప్పుడు నాడా గైడ్ పేరుతో ప్రసిద్ధమై, ప్రస్తుతం జె.డి. పవర్ పేరుతో వెలువడుతున్న ధరల పట్టిక ఒక ప్రారంభస్థానం. అదే నమూనా, అదే సంవత్సరం బండ్లకు ఇతరచోట్ల ఎంత చెబుతున్నారో, అవి ఎన్ని వారాలుగా అమ్ముడుకాకుండా ఉన్నాయో చూడటం మరింత ఉపయోగకరం.

కాలాన్ని బట్టి కూడా ధర మారుతుంది. ఉత్తరాది రాష్ట్రాలలో శరదృతువు చివర, చలికాలం అంతా బండి పెట్టుకోవడానికి స్థలం, అద్దె భారమయ్యే యజమానులు దిగివస్తారు. శీతకాలం గడపడానికి దక్షిణాదికి వచ్చిన వృద్ధులు మార్చి, ఏప్రిల్ నెలలలో అరిజోనా, ఫ్లోరిడాలలో బండ్లు అమ్ముతుంటారు. కోవిడ్ కాలంలో విపణి తలకిందులైంది. 2021లో తయారీదారులు 6,00,240 బండ్లను పంపి రికార్డు నెలకొల్పగా, 2023 నాటికి అది 3,13,174కు పడిపోయింది. హెచ్చు ధరకు, పదిహేను ఇరవై ఏళ్ళ వాయిదాలమీద ఆనాడు కొన్నవారిలో అనేకులకు బండి విలువ కన్నా అప్పు ఎక్కువగా మిగిలింది. అటువంటివారు కోరే ధర బండి విలువను బట్టి కాక వారి అప్పును బట్టి ఉంటుంది. వారి పరిస్థితి సానుభూతికి తగినదే కాని ఆ తేడాను కొత్త కొనుగోలుదారు భరించవలసిన పని లేదు.

పరిశీలనలో తేలిన లోపాలను రెండుగా విభజించుకోవడం బేరానికి కీలకం. ఖర్చు ఎంతో కచ్చితంగా తెలిసినవి ఒక తరగతి. టైర్లు, ఫ్రిజ్, బ్యాటరీలు, కప్పుకు సీలెంటు పని ఇందులోకి వస్తాయి. వీటికి మరమ్మతు దుకాణం నుండి రాతపూర్వకమైన అంచనా తెచ్చి, ఆ మొత్తం తగ్గించమని అడగవచ్చు. ఉదాహరణకు ఎనిమిదేళ్ళ ట్రెయిలరుకు యజమాని 19,000 డాలర్లు అడుగుతున్నాడనీ, అటువంటివి మంచి స్థితిలో 17,500కు దొరుకుతున్నాయనీ అనుకుందాం. టైర్లకు 700, ఫ్రిజ్‌కు 1,800, సీలెంటు పనికి 900 అంచనా వచ్చింది. 17,500 నుండి ఈ 3,400 తీసివేస్తే 14,100. కొనుగోలుదారు చెప్పవలసిన మొదటి ధర ఇదే, అదీ మూడు అంచనా కాగితాలను ముందుంచి. యజమాని ఫ్రిజ్ ఖర్చు సగం భరిస్తానని, 15,000 వద్ద తేలితే ఇద్దరికీ సమంజసమే.

ఖర్చు ఎంతవుతుందో ఎవరూ చెప్పలేనివి రెండవ తరగతి. గోడలోపలి కుళ్ళు, పొరలు విడిపోయిన ఫైబర్‌గ్లాసు, చట్రంలో పగులు ఇటువంటివి. రేకు విప్పితేగాని లోపల ఎంత పోయిందో తెలియదు. విప్పిన తరువాత బండి విలువకు మించిన ఖర్చు తేలడం అరుదు కాదు. యజమాని 3,000 డాలర్లు తగ్గిస్తానన్నంత మాత్రాన ఇది బేరం కాదు, పందెం. స్వయంగా వడ్రంగం తెలిసి, తీరిక ఉన్నవారు తప్ప మిగిలినవారు ధర ఎంత తగ్గినా ఇటువంటి బండిని వదులుకోవడమే మంచిది. వందల మైళ్ళు ప్రయాణించి, పరిశీలకునికి రుసుము చెల్లించి, పిల్లలు పడకలు కూడా పంచుకున్నాక వదులుకోవడం కష్టం. అనేకులు చిక్కుకొనేది సరిగ్గా ఇక్కడే.

డీలరు వద్ద బేరం తీరు వేరు. అక్కడ మొదటి ప్రశ్న సాధారణంగా "నెలకు ఎంత కట్టగలరు" అని ఉంటుంది. వాయిదా కాలం పొడిగిస్తే ఎంతటి ధరైనా చిన్నదిగా కనిపిస్తుంది కనుక ఆ ప్రశ్నకు జవాబు చెప్పక, పన్నులు, పత్రాల రుసుము, సిద్ధపరచే రుసుము అన్నీ కలిపి చెల్లించవలసిన మొత్తం ఎంతో రాసి ఇమ్మనాలి. అప్పును ముందే బ్యాంకు లేదా పరపతి సంఘం వద్ద మంజూరు చేయించుకొని వెళ్ళడం శ్రేయస్కరం. పాత బండి మార్పిడిని, పొడిగించిన సేవా ఒప్పందాన్ని ధర తేలిన తరువాతనే చర్చించాలి. బయానా ఇస్తే, పరిశీలన తృప్తికరంగా లేనిచో తిరిగి ఇవ్వాలనే షరతు రసీదు మీదనే ఉండాలి. నోటి మాట చాలదు.

పత్రాలు

వాహన గుర్తింపు సంఖ్య 1981 నుండి 17 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. బండిమీది సంఖ్య, యాజమాన్య పత్రంలోని సంఖ్య ఒకటేనా అని సరిచూడాలి. మోటార్‌హోమ్‌లో చట్రం ఒక సంస్థది, పైన కట్టడం మరొక సంస్థది కనుక చట్రం సంవత్సరం ఒకటి రెండేళ్ళు వెనుకబడి ఉండటం మామూలే. అది మోసం కాదు. ఇదే సంఖ్యతో జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో మరమ్మతు పిలుపులను ఉచితంగా చూడవచ్చు. 2017 నాటి హార్వీ, 2022 నాటి ఇయన్ వంటి తుఫానులలో మునిగి, బీమా సంస్థలు రద్దు చేసిన బండ్లు వేరే రాష్ట్రంలో శుభ్రమైన పత్రంతో తేలడం జరుగుతుంటుంది కనుక జాతీయ వాహన పత్రాల సమాచార వ్యవస్థ నుండి నివేదిక తీసుకోవాలి. అన్ని రాష్ట్రాలు తేలికపాటి ట్రెయిలర్లకు యాజమాన్య పత్రం ఇవ్వవు. అటువంటి రాష్ట్రం నుండి కొంటే తమ రాష్ట్రంలో నమోదుకు ఏ కాగితాలు కావాలో ముందే విచారించుకోవాలి.

పత్రం మీద బ్యాంకు తాకట్టు ఉంటే యజమానికి నేరుగా సొమ్ము ఇవ్వరాదు. ఇద్దరూ ఆ బ్యాంకుకే వెళ్ళి, అప్పు తీర్చిన తరువాత మిగిలినది యజమానికి చెందేలా చూసుకోవడం సురక్షితం. అమ్మకందారు విదేశంలో ఉన్నానని, బండిని తానే పంపుతానని, ముందు సొమ్ము పంపమని కోరితే అది మోసమనే భావించాలి.

బీమా, నమోదు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. సాధారణ అమ్మకపు పన్ను లేని మోంటానాలో కంపెనీ స్థాపించి దాని పేరున బండిని నమోదు చేయించేవారు ఉన్నారు. వారు నిజంగా నివసించే రాష్ట్రాలు దీనిని పన్ను ఎగవేతగా పరిగణించి జరిమానా విధించిన సందర్భాలు ఉన్నాయి. 26,000 పౌండ్లు మించిన మోటార్‌హోమ్ నడపటానికి టెక్సాస్ వంటి కొన్ని రాష్ట్రాలలో ప్రత్యేక తరగతి లైసెన్సు అవసరం. కొన్ని ప్రైవేటు విడిది స్థలాలు పదేళ్ళు దాటిన బండ్లను లోనికి రానివ్వవు కనుక ఏడాది పొడవునా అందులోనే నివసించదలచినవారు తాము ఉండబోయే చోటి నియమాలను బండి కొనకముందే తెలుసుకొంటారు.